నాజూకమ్మ సన్నగీతలు

ఆ శుక్రవారం ఉదయం ఇన్‌స్పెక్టర్ డైరీలో చేయాల్సిన పనులు ఇలా ఉన్నాయి:

సిస్టర్‌తో మరోసారి మాట్లాడాలి. ఈసారి పక్కన ఎక్స్‌ప్రెస్ లేకుండా.

వార్డులో మందు కలిపే బల్ల చూడాలి. వెలుతురు ఎటునుంచి పడుతుంది?

సీసా స్వాధీనం చేసుకున్నది ఎప్పుడు, సీలు వేసింది ఎప్పుడు? రెండూ విడివిడిగా రాసుకోవాలి.

లేబుళ్లు అచ్చేసిన ప్రెస్సుకు వెళ్లాలి.

నాన్న చెవి మిషన్‌కు బ్యాటరీలు కొనాలి.

నాలుగున్నరకల్లా రిపోర్టు రాసివ్వాలి. ఐదింటికి సిస్టర్‌ను మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళతారు.

చివరి పని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. పని మొదలుపెట్టేటప్పటికి గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

డిపార్ట్‌మెంటులో ఆమెను వెనకాల అందరూ నత్త మేడం అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఒక్క ఎక్స్‌ప్రెస్‌కే ఉంది. ఆమెకంటే రెండేళ్లు జూనియర్ అయిన ఆ ఇన్‌స్పెక్టర్‌కు ఎక్స్‌ప్రెస్ అన్న పేరు ఊరికే రాలేదు. ఏ కేసైనా మూడు రోజుల్లో ముగించి చేతులు దులుపుకుంటాడు. ఈ కేసూ అలాగే ముగించాడు. సోమవారం చావు, గురువారం అరెస్టు. మందుల విషయం కాబట్టి పైనుంచి ఒక సాంకేతిక నివేదిక కావాలన్నారు. ఆ నివేదిక రాయడానికి నత్త మేడంను వేశారు. అంతకుమించి ఆమెకు ఈ కేసులో అధికారం లేదు.

చనిపోయినాయన లెక్కల మాస్టారు, రిటైరై పదమూడేళ్లయింది. ఆసుపత్రిలో పదకొండో మంచం. గుండె లయ తప్పితే సరిచేసే ఘాటు మందు ఒకటుంది. దాన్ని సెలైన్‌లో పలుచన చేసి నెమ్మదిగా ఎక్కించాలి. సోమవారం సాయంత్రం 4:28కి సిస్టర్ ఆ మందు కలిపి ఎక్కించింది. 4:40కి మాస్టారి గుండె ఆగిపోయింది. సీసా మీద 'మందు 1 : సెలైన్ 4' అని ఉంది. సిస్టర్ సగం మందు, సగం సెలైన్ కలిపింది.

అంతకు ముందు రోజు, వేళ దాటినా వార్డులో కూర్చున్నాడని మాస్టారి కొడుకును సిస్టర్ నలుగురిలో కసిరి బయటకు పంపింది. ఎక్స్‌ప్రెస్‌కు ఆ గొడవే దొరికింది. 'కక్షతో' అన్న మాట రిపోర్టులో మూడుచోట్ల రాశాడు.

స్టేషన్ వెనక గదిలో సిస్టర్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నాలుగు రోజుల్లో మొహం పీక్కుపోయింది.

"సిస్టర్ గారూ, ఆ రోజు సీసా మీద ఏం చదివారు?"

"ఒకటికి ఒకటి అని చదివాను మేడం. పైకే చదివాను. మందు కలిపేటప్పుడు పైకి చదవడం నా అలవాటు. పక్కన ఆయమ్మ కూడా విన్నది."

"పాత సీసాల మీద ఎంత ఉండేది?"

"ఒకటికి ఒకటే. ఏళ్ల తరబడి సగం సగమే కలిపాం. ఆదివారం కొత్త సీసాలొచ్చాయి. సెంటు సీసాల్లా ఉన్నాయే అని నవ్వుకున్నాం కూడా. మందు ఘాటు పెంచారని మాకెవరూ చెప్పలేదు."

"చెప్పకపోయినా లేబుల్ మీద ఉందిగా?"

సిస్టర్ తలెత్తింది. కళ్లలో నీళ్లు లేవు, ఎండిపోయి ఉన్నాయి. "ఉంది మేడం. నిన్న ఆ సారు సీసా తెచ్చి నా మొహం ముందు పెట్టారు. ఒకటికి నాలుగు. స్పష్టంగా ఉంది, గుడ్డివాడికైనా కనపడేట్టు. మరి ఆ రోజు నాకు ఒకటి అని ఎందుకు కనపడింది? నిన్నటినుంచి అదే ఆలోచిస్తున్నా. నాకు మతిపోయిందా? ఇలా ఇంకెంతమందికి తప్పు కలిపానో? ఒప్పుకోమంటున్నారు. ఒప్పేసుకుంటా. కక్ష అని మాత్రం అనకండి. ఆ మాస్టారు నాకు రోజూ ఒక లెక్క ఇచ్చేవారు, సాయంత్రానికి జవాబు చెప్పమని."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీదున్న అరెస్టు ఫారం ఆమె ముందుకు జరిపింది. అడుగున, అంచుకు ఆనుకుని, ఆవగింజల్లాంటి అక్షరాల్లో అచ్చేసినవాళ్ల చిరునామా ఉంది.

"అది చదవండి."

సిస్టర్ కళ్లు చిట్లించకుండా, చేయి చాపినంత దూరం నుంచి, పిన్‌కోడ్‌తో సహా గడగడా చదివేసింది.

"కళ్లు బాగానే ఉన్నాయి," అంది ఇన్‌స్పెక్టర్ లేస్తూ. "మతి కూడా. దేని మీదా సంతకం పెట్టకండి. నేనొచ్చేదాకా."

పదకొండూ యాభైకి ఆమె వార్డులో ఉంది. మందు కలిపే బల్ల గోడకు ఆనించి ఉంది. సరిగ్గా దాని నెత్తిన ట్యూబ్‌లైటు. కిటికీ ఎడమ పక్క. సాయంత్రం నాలుగున్నరకు అక్కడ చీకటి పడే సమస్యే లేదు. అలమారలో ఆ మందు సీసాలు పద్దెనిమిదున్నాయి. ఒక్కొక్కటీ బొటనవేలంత. ముదురు నీలం పట్టీ మీద తెల్ల అక్షరాలు. అక్షరాలు పొడుగ్గా, సన్నగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. నిలువు గీతలు స్తంభాల్లా లావు, అడ్డగీతలు వెంట్రుకల్లా సన్నం. ప్రతి అక్షరం కాలి కింద చిన్న పీట వేసినట్టు ఒక గీత. అన్నిటి మీదా 'ఒకటికి నాలుగు' చక్కగా కనిపిస్తోంది.

"అవి కొత్తవమ్మా," అంది వెనకనుంచి ఆయమ్మ. వార్డు తుడవడం, పెట్టెలు మోయడం ఆవిడ పని. అరవైకి దగ్గర్లో ఉంది. "మంగళారం మూడింటికి కంపెనీ బండొచ్చి ఉన్న పెట్టె పట్టుకుపోయి ఈ పెట్టె ఇచ్చిపోయింది."

"ఎందుకు?"

"నాకు చెప్తారా తల్లీ? ఎలకలు కొట్టాయేమో అనుకున్నా."

"సిస్టర్ మందు కలిపేటప్పుడు మీరు పక్కనే ఉన్నారటగా?"

"ఉన్నా. ఒకటికి ఒకటి అని చదివింది. ఆ మాటే ఆ పోలీసాయనకి చెప్తే, నీకు చదువొచ్చా అన్నాడు. రాదన్నా. అయితే నోరుమూసుకో అన్నాడు." ఆవిడ మూతి తిప్పింది. "చదువు రాకపోతే కళ్లు కూడా ఉండవనుకున్నాడు కాబోలు."

ఇన్‌స్పెక్టర్ బ్యాగులోంచి సాక్ష్యం సీసా ఫోటో తీసింది. పెద్దది చేసిన రంగుల ఫోటో. ఆయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఠక్కున తిరిగి ఇచ్చేసింది.

"ఇది మా సీసా కాదు."

"అదేంటి?"

"దీని కాళ్లూ చేతులూ లావు. మా దానివి బక్కవి. కొన్ని లేనేలేవు."

ఇన్‌స్పెక్టర్ అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది. "మెల్లగా చెప్పండి పెద్దమ్మా. మీకెలా తెలుసు?"

ఆయమ్మ చీపురు గోడకానించి, మూలనున్న తన సంచిలోంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. అట్ట ఊడింది. లోపల పేజీ పేజీకీ మందుల లేబుళ్లు అతికించి ఉన్నాయి. వాటి పక్కన పెన్సిలుతో బొమ్మలు. గుండెకైతే గుండె, కడుపుకైతే కుండ, నిద్రమందుకైతే మూసిన కన్ను.

"చదువు రాదు కదమ్మా. ఫలానా పెట్టె తే అంటే ఎట్టా తెచ్చేది? అందుకని కొత్త మందు వచ్చినప్పుడల్లా ఒక లేబులు నానబెట్టి తీసి ఇందులో అంటించుకుంటా. బొమ్మ చూసి పోల్చుకుంటా. ఈ పద్ధతి నేర్పింది సిస్టరమ్మే. ఇదిగో, ఆదివారం వచ్చింది. దొర్లి పగిలిన సీసాది."

చివరి పేజీలో నీలం పట్టీ. ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. మందు 1 : సెలైన్ 1.

రెండోసారి చూసింది. ఒకటికి ఒకటే. భూతద్దం పెట్టింది. అప్పుడు రెండో అంకె మడమ దగ్గర, నీలం సిరాలో మునిగిపోయిన ఒక అడ్డగీత తాలూకు చుక్క, పైన వాలుగీత తాలూకు మరో చుక్క కనిపించాయి. అది నాలుగే. కానీ నాలుగులో లావుగా ఉండేది నిలువుగీత ఒక్కటే. మిగిలిన రెండు గీతలూ వెంట్రుకల్లాంటివి. అవి సిరాలో మునిగిపోయాక నిలబడింది ఒంటి స్తంభం. ఎవరు చదివినా అది ఒకటే.

ఇన్‌స్పెక్టర్ భూతద్దం దించింది. "పెద్దమ్మా, ఈ పుస్తకం నాకు ఇవ్వాలి. రసీదు రాసిస్తాను."

"రసీదు నేను చదవలేనుగా," అని ఆయమ్మ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపుకుంది. "సిస్టరమ్మని వదిలేస్తారా?"

ఇన్‌స్పెక్టర్ రసీదు రాసి ఆవిడ చేతిలో పెట్టింది. తనకు అధికారం లేని మాట ఇవ్వడం ఆమెకు అలవాటు లేదు.

ప్రెస్సుకు చేరేసరికి ఒంటిగంటా పది. నాలుగు మెషిన్లు, అందులో రెండు నడుస్తున్నాయి. గోడ మీద చాప అంత లేబుల్ ఒకటి ఫ్రేము కట్టి వేలాడుతోంది. అదే మందు లేబుల్. అంత పెద్దదిగా చూస్తే నిజంగానే చూడముచ్చటగా ఉంది. ఫోర్‌మన్ ఆమె చూపును గమనించి దగ్గరికొచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా ఇదే పని, వేళ్ల సందుల్లో పోని సిరా.

"ఈ అక్షరాలకు పేరేంటండీ?"

"కంప్యూటర్లో ఏదో పొడుగు పేరు ఉంటుందమ్మా. మేం మాత్రం నాజూకమ్మ అంటాం."

మెషిన్ మీదున్న ఆయన బావమరిది కిసుక్కున నవ్వాడు. "మా అక్క ఎదురుగా అనకండి, తననే అంటున్నారనుకుంటుంది."

"నువ్వు మెషిన్ చూసుకోరా," అని కసిరాడు ఫోర్‌మన్. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. తన పని గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు కాస్త నిలదొక్కుకుంది. "నాజూకమ్మని పెద్దదిగా నిలబెట్టారనుకోండి, దాని ముందు ఏదీ ఆగదు. నగల దుకాణం పేరు, సెంటు సీసా, ఫ్యాషన్ పత్రిక అట్ట, వీటికి అదే కావాలంటారు. ఇరుకు అక్షరం కదా, తక్కువ జాగాలో పొడుగు పేరు పడుతుంది. లావూ సన్నం పక్కపక్కన ఉండేసరికి కంటికి తళుక్కుమంటుంది. కానీ చిన్న పని చెప్పామా, చేతులెత్తేస్తుంది. సన్నగీతలు నిలవవు."

"నీలం మీద తెలుపు వేస్తే?"

ఆయన తల వంచుకున్నాడు.

"చెప్పండి."

"మరీ కష్టం. తెల్ల అక్షరం అంటే అక్కడ సిరా లేదని అర్థం. చుట్టూ ఉన్న సిరా కొద్దిగా పాకినా ఆ సందు పూడిపోతుంది."

"ఆ సంగతి మీకు ముప్పై ఏళ్లుగా తెలుసు. మరి ఎలా వేశారు?"

"కంపెనీవాళ్లు కొత్త డిజైన్ పంపారమ్మా. మందులా కనపడకూడదు, ఖరీదుగా కనపడాలన్నారు. ఒక్క గీత ముట్టుకోవద్దన్నారు. చూసి ఓకే చేయడానికి అదిగో," అని గోడ మీది చాపంత లేబుల్ చూపించాడు, "అంత చేసి తెమ్మన్నారు. పదిమంది దాని చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏనుగంత చేసి చూశాం తప్ప, బొటనవేలంత చేసి ఒక్కరం చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ ఆయమ్మ పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. దాని పక్కన సాక్ష్యం సీసా ఫోటో.

"ఇవి రెండూ మీవేనా?"

ఫోర్‌మన్ అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మావే. ఇది మొదటి విడత. పోయిన బుధవారం అచ్చేశాం, ఎనిమిది వేలు. గురువారం పంపేశాం. శనివారం చెడిపోయిన షీట్లు కత్తిరిస్తుంటే చూశాను. నాలుగులన్నీ ఒకట్లలా ఉన్నాయి. సోమవారం అచ్చు ప్లేటు మార్పించాను. సన్నగీతలకు కాస్త ఒళ్లు పెంచాను, ఎవరికీ చెప్పకుండా. ఫోటోలో ఉన్నది ఆ రెండో విడతది."

"రెండో విడత ప్రెస్సు దాటి బయటికి ఎప్పుడు వెళ్లింది?"

"మంగళవారం ఉదయం తొమ్మిదింటికి."

"గట్టిగా చెప్పగలరా?"

"చలాను ఉంది. సంతకం, టైము అన్నీ ఉంటాయి."

ఇన్‌స్పెక్టర్ డైరీలో మెల్లగా రాసుకుంది. మాస్టారు పోయింది సోమవారం 4:40. సీసా స్వాధీనం సోమవారం 6:00. ఆ సీసా మీదున్న లేబుల్ ప్రెస్సు గడప దాటింది మంగళవారం 9:00.

"శనివారమే చూశారు. మొదటి విడత ఆపమని కంపెనీకి ఎందుకు ఫోన్ చేయలేదు?"

"ఇక్కడ తొమ్మిది కుటుంబాలు బతుకుతున్నాయమ్మా. డిజైన్ ముట్టుకున్నావని, షీట్లు చూసుకోలేదని... పని పోతుందని భయపడ్డాను. లేబుళ్లు ఇంకా గోడౌన్లోనే ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. మంగళవారం పొద్దున కంపెనీ క్వాలిటీ ఆఫీసరే ఫోన్ చేశాడు. మీ గీతలు పడలేదు, ఒక చావు జరిగింది అన్నాడు. సరిచేశాను సార్, కొత్తవి బండెక్కాయి అన్నాను. మంచిపని చేశావు, ఈ సంగతి నీ నోరు దాటకూడదు అన్నాడు."

బావమరిది మెషిన్ ఆపేశాడు. వింటున్నాడని అప్పటిదాకా ఇద్దరికీ తెలియదు.

"బావా," అన్నాడు, "ఒక చావు అన్నాక కూడా నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని అన్నం ఎట్టా తిన్నావు?"

ఫోర్‌మన్ సొరుగులోంచి కాగితం తీసి, రెండు విడతల సంగతీ తారీకులతో సహా రాసి సంతకం పెట్టాడు. చలాను, రెండు విడతల షీట్లు కవర్లో పెట్టి ఇచ్చాడు.

మూడూ ముప్పై ఐదుకు ఆమె స్టేషన్లో అడుగుపెట్టింది. ఎక్స్‌ప్రెస్ కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు.

"ఏంటి సీనియర్ గారూ, ప్రెస్సుకెళ్లారట? విజిటింగ్ కార్డులు వేయించుకోవడానికా?"

"సీసా తీయండి."

"సీలు వేసిందది."

"సీలు పగలగొట్టక్కర్లేదు. సంచీ పారదర్శకమేగా. తీయండి."

అతను అలమార తెరిచి సంచీ తెచ్చి బల్ల మీద పడేశాడు. "చూసుకోండి. నాలుగు. నిన్నా నాలుగే, ఇవాళా నాలుగే. నత్త మెల్లగా పాకినంత మాత్రాన నాలుగు ఐదవదు."

ఆమె కవర్లోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చింది. ఆయమ్మ పుస్తకం, రెండు షీట్లు, చలాను, ఫోర్‌మన్ రాతపూర్వక వాంగ్మూలం.

"సీసాను మీరు స్వాధీనం చేసుకున్నది ఎన్నింటికి?"

"సోమవారం ఆరింటికి. రికార్డులో ఉంది."

"సీలు వేసింది?"

"బుధవారం పదకొండింటికి. పని ఒత్తిడి."

"ఈ లేబుల్ మంగళవారం తొమ్మిదింటికి ప్రెస్సులోంచి బయటకొచ్చింది. సోమవారం ఆరింటికి మీ చేతికెలా వచ్చింది?"

ఎక్స్‌ప్రెస్ టీ గ్లాసు కింద పెట్టాడు. చలాను చదివాడు. షీట్లు చూశాడు. ఆమె అందించిన భూతద్దం మొదట తోసేసి, తర్వాత తనే తీసుకుని, సీసా మీదికి వంగాడు. లేచేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మంగళవారం పొద్దుటికీ బుధవారం సీలుకీ మధ్య ఎవరొచ్చారు?" అని అడిగింది ఆమె.

"కంపెనీ క్వాలిటీ ఆఫీసర్, మంగళవారం సాయంత్రం." అతను గుమ్మం వైపు చూశాడు. "బ్యాచ్ నంబరు సరిచూసుకోవాలన్నాడు. పెద్దమనిషిలా ఉన్నాడు. అక్కడ, ఆ బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఫోన్లో ఉన్నా. పావుగంటో, ఇరవై నిమిషాలో."

"రసీదు?"

"రాయించుకోలేదు."

"సరే. ఈ కేసులో దర్యాప్తు అధికారి మీరే. మేజిస్ట్రేటుకు నాలుగు ముక్కలు రాయండి. సాక్ష్యం మారింది, రిమాండు వద్దు అని."

అప్పటిదాకా కుంగిన ఎక్స్‌ప్రెస్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా చేత్తో నేనే రాసుకోవాలా, నా కళ్లముందే సీసా మార్చేశారని? నిన్న పేపరోళ్లకు చెప్పేశాను. పైవాళ్లు అభినందించారు. ఉద్యోగం ఊడుతుంది! సోమవారం చూద్దాం. రెండు రోజులు లోపలుంటే ఆవిడ కరిగిపోదు."

"మీకు పట్టింపు మీ పేరొక్కటేనా?"

"మీరే రాసుకోండి. మీ రిపోర్టు మీరే రాసి కోర్టులో ఇచ్చుకోండి. నేనడ్డం రాను. నేను మాత్రం రాయను." అతను టోపీ తీసుకుని విసురుగా బయటికి నడిచాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. మూడూ యాభై రెండు. నివేదిక రాయడానికి, జతపరచాల్సినవి నకళ్లు తీయడానికి గంట. కోర్టు పక్క వీధిలోనే. నాలుగున్నర దాటినా ఐదులోపు నేరుగా అక్కడే ఇవ్వొచ్చు. కచ్చితంగా సరిపోతుంది. తెల్లకాగితం ముందుకు లాక్కుని, తారీకు వేసి, మొదటి వాక్యం రాసింది. 'మొదటి విడతలో ఎనిమిది వేల లేబుళ్లు అచ్చయ్యాయి.'

పెన్ను అక్కడే ఆగిపోయింది.

ఎనిమిది వేలు. కంపెనీ బండి వచ్చి మార్చిందని తనకు తెలిసింది ఒక్క ఈ ఆసుపత్రి పెట్టెనే, చావు జరిగిన చోట. మిగిలిన సీసాలు ఎక్కడున్నాయి?

కంపెనీకి ఫోన్ చేసింది. ఇవాళ్టికి అధికారులు వెళ్లిపోయారు, శని, ఆదివారాలు సెలవు, సోమవారం మాట్లాడతామని ఒక ఆడగొంతు తియ్యగా చెప్పి పెట్టేసింది. ఆరోగ్యశాఖ ఆఫీసులో అర్జీ రాసి పంపమన్నారు. ఆమె లేచి, దాదాపు పరిగెత్తినట్టే, వెనక గదికి వెళ్లింది.

సిస్టర్‌కు పుస్తకం చూపించింది. నాలుగు ఒకటెలా అయిందో చెప్పింది. సిస్టర్ ఆ చిన్న నీలం పట్టీని వేలితో తడిమింది. తప్పు చదివింది తాను కాదని తెలిసిన ఆ క్షణంలో ఆమె ఏడుస్తుందనుకుంది ఇన్‌స్పెక్టర్. సిస్టర్ ఏడవలేదు.

"మిగతా వార్డుల్లో కూడా ఇవే సీసాలున్నాయా?"

"ఉండే ఉంటాయి. ఎవరికి చెప్పాలో తెలియడం లేదు. ఆఫీసులకు ఫోన్ చేస్తే..."

"ఆఫీసులకు చేస్తే కాగితం నర్సు దాకా వచ్చేసరికి వారం." సిస్టర్ లేచి నిలబడింది. "ఈ మందు వాడే గుండె వార్డులు మాది కాక ఇతర ఆసుపత్రుల్లో పదకొండున్నాయి. ప్రతి వార్డులోనూ నాతో చదువుకున్నవాళ్లో, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లో ఉన్నారు. నంబర్లన్నీ నాకు నోటికొచ్చు. ఫోన్ ఎక్కడ?"

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసింది. "సిస్టర్ గారూ, ఒక్క మాట. నాలుగైంది. మీరు చెప్తుంటే రోగుల పేర్లు, బ్యాచ్ నంబర్లు, టైములు సాక్షిగా నేను రాసుకోవాలి. లేదంటే రేపు ఇవేవీ నిలవవు. అలా చేస్తే మీ రిపోర్టు రాసే టైం ఉండదు. ఐదింటికి మిమ్మల్ని తీసుకెళ్లిపోతారు. సోమవారం దాకా జైలే."

"గంటకు ఎంతమందికి ఈ మందు ఎక్కిస్తారో తెలుసా మేడం మీకు?"

"తెలియదు."

"నాకు తెలుసు," అంది సిస్టర్. "ఫోన్ చూపించండి."

మొదటి ఆరు వార్డుల్లో సీసాలు పెట్టెల్లోనే ఉన్నాయి, విప్పలేదు. ఏడోచోట ఒకటి విప్పారు, ఇంకా కలపలేదు. ఎనిమిది, తొమ్మిది వార్డులకు సరుకు రాలేదు. సిస్టర్ ప్రతిచోటా ఒకేలా మాట్లాడింది. "నేనే తల్లీ. ప్రశ్నలు తర్వాత. నీలం పట్టీ సీసా చేతిలోకి తీసుకుని నాకు పైకి చదివి వినిపించు."

నాలుగూ నలభై ఒకటికి, పదో వార్డు.

"ఒకటికి ఒకటి అక్కా," అంది అవతలి గొంతు. "ఇప్పుడే కలిపి పెట్టా. అవునక్కా, ఎలా ఉన్నావు? పేపర్లో ఏదేదో రాశారు, మేమెవరం నమ్మలేదు."

"పెట్టావా? ఎవరికి? ఎంతసేపైంది?"

"ఆరో మంచం. ముప్పై నాలుగేళ్లావిడ. రెండు నిమిషాలైందేమో."

"పరిగెత్తు. గొట్టం మూసెయ్. ఫోన్ పెట్టకు, అలాగే వదిలి పరిగెత్తు!"

రిసీవర్‌లో అడుగుల చప్పుడు. ఏదో స్టూలు పడింది. ఎవరో డాక్టర్‌ను పిలిచారు. ఇన్‌స్పెక్టర్ పెన్ను పట్టుకుని సిస్టర్ మొహం చూస్తూ కూర్చుంది. సిస్టర్ పెదాలు కదులుతున్నాయి, సెకన్లు లెక్కపెడుతోందని కాసేపటికి అర్థమైంది. నూట పది దాకా లెక్కపెట్టాక గొంతు వినిపించింది.

"మూసేశా అక్కా. నాడి తగ్గింది కానీ ఉంది. డాక్టర్ గారు పక్కనే ఉన్నారు. అక్కా... నేను ఏం చేసేదాన్ని అక్కా?"

"నువ్వేమీ చేయలేదు. సీసా మీద ఉన్నదే చదివావు. ఆ మాట గట్టిగా గుర్తుపెట్టుకో," అంది సిస్టర్. ఆ మాట తనతో తాను కూడా చెప్పుకుంటున్నట్టు చెప్పింది.

నాలుగూ నలభై తొమ్మిది. వ్యాను గుమ్మం ముందుకొచ్చి హారన్ కొట్టింది. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. సిస్టర్ పదకొండో నంబరు తిప్పింది. పదిహేనుసార్లు మోగాక ఎవరో తీశారు. ఆమె తన మాట పూర్తి చేయకముందే అవతలినుంచి నెమ్మదిగా జవాబొచ్చింది.

సిస్టర్ రిసీవర్ ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. "మీరే వినండి మేడం."

"మళ్లీ చెప్పమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "పోలీసులం."

"మా దగ్గర ఆ సీసాలు లేవండీ. నిన్న కంపెనీ బండొచ్చి మార్చుకుపోయింది. బుధవారం మధ్యాహ్నం ఒకాయన పోయాడు. మందు ఎక్కిస్తుండగానే. మా సిస్టర్‌ది తప్పని సస్పెండ్ చేశారు. క్వాలిటీ ఆఫీసర్ అని ఒకాయన వచ్చి ఆ సీసా కూడా చూసి పోయాడు. చాలా మర్యాదగా మాట్లాడాడండీ."

బుధవారం మధ్యాహ్నం. అంటే మంగళవారం పొద్దున లేబుల్ సంగతి తెలిసిన మనిషి, మంగళవారం మూడింటికి ఒక వార్డులో పెట్టె మార్పించిన మనిషి, మంగళవారం సాయంత్రం స్టేషన్లో సీసా మార్చిన మనిషి, ఆ తర్వాత కూడా మిగిలిన పదకొండు వార్డులకు ఒక్క ఫోన్ చేయలేదు. సోమవారం చావును పొరపాటు అనుకోవచ్చు. బుధవారం చావుకు ఇన్‌స్పెక్టర్ తన డైరీలో ఒకే మాట రాసింది. హత్య.

తలెత్తి చూసేసరికి గదిలో సిస్టర్ లేదు. వ్యాను తలుపు వేసిన చప్పుడు వినిపించింది. ఆమె పరిగెత్తుకుంటూ బయటికి వచ్చింది. జాలీ వెనక సిస్టర్ ఆమెను చూసి చేయెత్తి, రిసీవర్ చెవికి పెట్టుకున్నట్టు సైగ చేసింది. పదో వార్డుకు మళ్లీ ఫోన్ చేసి ఆరో మంచం ఎలా ఉందో కనుక్కోమని.

ఐదింటికి హాజరు, ఐదూ ఏడుకు రిమాండు. రిపోర్టు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది కాబట్టి, ఎదురు చెప్పే కాగితం ఒక్కటీ మేజిస్ట్రేటు ముందు లేదు. మర్నాడు పేపర్లో మాస్టారిని చంపిన నర్సుకు జైలు అని నాలుగు వరసల వార్త వచ్చింది. పదకొండు వార్డుల్లో ఆ సాయంత్రం ఎవరూ చనిపోలేదన్న సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. జరగని చావు వార్త కాదు కదా.

అందుకే పాఠకులకు ఒక మనవి. తనను విడిపించగల గంట చేతిలో ఉండి, ఆ గంటను ముఖం కూడా తెలియని ముప్పై నాలుగేళ్ల మనిషికి ఇచ్చి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వ్యానెక్కిన ఆ సిస్టర్‌ను గుర్తుపెట్టుకోండి. ఆమె మీద ఇంకా కేసుంది.